లాస్‌పేట షెడ్డులో చిత్రిక మిషను

సర్కార్ ఎక్స్‌ప్రెస్ కాకినాడ పోర్టులో బయలుదేరి పుదుచ్చేరి దాకా పోతుంది. యానాం వాళ్ళకి అది ఊరి బస్సు లాంటిది. సెక్రటేరియట్‌లో కాగితం కదలాలన్నా, జిప్‌మర్‌లో పెద్ద డాక్టరుకి చూపించుకోవాలన్నా, పిల్లని కాలేజీలో చేర్పించాలన్నా ఆ బండే ఎక్కుతారు. మా పెట్టెలోనూ సగం మంది అలాంటి పనుల మీద వెళ్తున్నవాళ్ళే. మా పని వేరు. పుదుచ్చేరి లాస్‌పేటలో ఒక పెద్ద వడ్రంగి తన షెడ్డులో ఎక్కువైన మిషన్లు అమ్మేస్తున్నారని, వాటిలో మంచి చిత్రిక మిషను ఒకటి ఉందని కబురొచ్చింది. చూసి, నచ్చితే కొనుక్కురావాలి.

కొనేది నేను కాదు. ఐటీఐలో నా దగ్గర వడ్రంగం నేర్చుకుని, ఇప్పుడు యానాం కనకాలపేటలో గుమ్మాలూ తలుపులూ చేసుకుంటున్న కుర్రాడు. ఇప్పటిదాకా చేతి చిత్రికతోనే లాక్కొస్తున్నాడు. టేకు గుమ్మం ఒకటి నాలుగు పక్కలా చిత్రిక పట్టి మూలమట్టానికి తేవాలంటే ఒంట్లో సత్తువంతా అక్కడే అయిపోతుంది. అసలు పనితనం చూపించాల్సిన కుసి, బెజ్జం దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణుకుతుంది. కొత్త మిషను కొనే స్తోమతు లేదు. "మాస్టారూ, మీరు పక్కనుంటే చాలండీ" అన్నాడు. వాడడక్కపోయినా వెళ్ళేవాణ్ణే. పనివాడి షెడ్డు ఖాళీ అవుతోందంటే అందులోని ఇనుము ఎవరి చేతికి పోతుందోనన్న బెంగ నాకు చాలాకాలంగా ఉంది.

గూడూరు దాటాక నిద్రపట్టింది. లేచేసరికి స్టేషన్ల పేర్లు తమిళంలోకి మారిపోయాయి. చెంగల్పట్టు దగ్గర పట్టాల పక్కనే కొళవాయి చెరువు, విల్లుపురం దగ్గర బండి తూర్పుకి మళ్ళడం, అక్కణ్ణుంచి కాసేపటికే పుదుచ్చేరి. ఆటో అతనికి లాస్‌పేట అన్నాం.

లాస్‌పేట ఊరికి ఉత్తరం వైపు. పర్యాటకులు ఎక్కువగా రారు. విమానాశ్రయం ఇక్కడే ఉంది. ప్రభుత్వ కాలేజీలు, మోతీలాల్ నెహ్రూ పాలిటెక్నిక్ వగైరా ఇక్కడే ఉండటంతో పొద్దున్న పూట రోడ్డంతా సైకిళ్ళూ స్కూటర్లే. ఈ పేటకి పేరిచ్చిన ఝాన్ లా ద లోరిస్తాఁ 18వ శతాబ్దంలో ఫ్రెంచి గవర్నరు. పారిస్‌లో కాగితం డబ్బు నడిపి 1720లో దేశాన్నే దివాలా అంచుకి తెచ్చిన జాన్ లా అనే స్కాట్లండు మనిషికి సోదరుడి కొడుకు. 1761లో ఇంగ్లీషువాళ్ళు పుదుచ్చేరిని పట్టుకుని కోటనీ మేడల్నీ నేలమట్టం చేశారు. 1765లో ఊరు తిరిగి ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చాక దాన్ని మళ్ళీ నిలబెట్టే పని ఈ లా మీద పడింది. ఇవాళ మనం ఫ్రెంచి వీధులని చూసి మురిసిపోయే ఇళ్ళలో చాలా భాగం ఆ విధ్వంసం తర్వాత లేచినవే. ఊరంతా మళ్ళీ కట్టాలంటే ఎన్ని దూలాలు కోయాలి, ఎన్ని జాలీ తలుపులు చేయాలి! ఆ పని చేసిన వడ్రంగుల పేర్లతో ఈ ఊళ్ళో పేటలేమీ లేవు.

మిషన్లు అమ్ముతున్న ఆచారిగారి ఇల్లు లోపలి వీధిలో ఉంది. ఆయన పేరు వీధిలో చాలామందికి తెలీదు, తమిళులకీ తెలుగువాళ్ళకీ ఆయన ఆచారిగారే. పుట్టింది యానాంలో. చిన్నతనంలోనే మేనమామ వెంట పుదుచ్చేరి వచ్చి, ఫ్రెంచివాళ్ళ ఇళ్ళలో పాత తలుపులు బాగుచేసే పనిలో చేరారు. ఇప్పటికీ మాట గోదావరి యాసే. మమ్మల్ని చూడగానే "రండి రండి, కాకినాడ బండికేనా వచ్చారు? కాఫీ తాగాకే షెడ్డులోకి" అన్నారు. అలా కాఫీ మీద పెట్టిన మాట మధ్యాహ్నం భోజనం దాకా సాగింది. ఆయన భార్య మా కుర్రాణ్ణి ఎవరబ్బాయివి, ఏ వీధి అని ఆరా తీసి, చివరికి ఎక్కడో దూరపు చుట్టరికం కలిపేదాకా వదల్లేదు. ఆ తర్వాత వాడికి ఆచారిగారు తాతయ్య అయిపోయారు.

షెడ్డు పెరట్లో ఉంది. రేకుల కప్పు, మూడు వైపులా గోడ, నాలుగోవైపు పనస చెట్టు నీడ. లోపల కాలు తీసి కాలు పెట్టే సందు లేదు. చిత్రిక మిషన్లే మూడు. పలకల మందం సమం చేసే థిక్‌నెసర్ ఒకటి, బ్యాండ్ సా రెండు, కోతా చిత్రికా బెజ్జమూ ఒకే ఒంటికి అమర్చిన కాంబినేషన్ మిషను ఒకటి, బెజ్జాలు కొట్టే మిషను విడిగా ఒకటి, గోడవారన పొడుగాటి తరిమెన. ఒక్క పనివాడి దగ్గర ఇన్నెందుకు? ఈ ప్రశ్నకి జవాబులో గడిచిన పాతికేళ్ళ వడ్రంగం అంతా ఉంది.

ఇక్కడ ఒక్కో షాపు మూతపడుతుంటే ఆ మిషన్లు ఆచారిగారి దగ్గరికి వచ్చాయి. టేకు పలక కొని, ఆరబెట్టి, కోసి, చిత్రిక పట్టి బీరువా చేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. ప్లైవుడ్డు, ఎండీఎఫ్ షీట్లు వచ్చాయి. వాటికి చిత్రిక అక్కర్లేదు. కొలత పెట్టి కోస్తే చాలు, అంచుకి పట్టీ అతికిస్తే అయిపోయింది. చేతిలో పట్టుకునే మకీతా, బాష్ మిషన్లతో ఇంటికే వచ్చి వంటగది అంతా బిగించిపోతారు. వందల కిలోల పోత ఇనుము పెట్టుకుని కూర్చున్నవాడికి పని లేకుండా పోయింది. మానేసేవాడు "ఆచారిగారూ, మీరే ఉంచుకోండి, పాత సామాన్ల కొట్టుకి వేయబుద్ధి కావట్లేదు" అని తెచ్చి దించేవాడు. ఈయన కాదనలేకపోయేవారు. పాత ఫ్రెంచి ఇళ్ళకి మరమ్మతు పనులు ఉన్నంతకాలం నలుగురు కుర్రాళ్ళతో అన్నీ తిప్పారు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఒక చిన్న బ్యాండ్ సా, తరిమెన, చేతి పనిముట్లు మాత్రం ఉంచుకుని మిగతావన్నీ తీసేయాలని నిశ్చయించుకున్నారు.

ఈ నిశ్చయం ఆయన ఒంట్లో ఓపిక ఉండగా తీసుకున్నారు. దీన్ని నేను చాలా గొప్ప సంగతి అనుకుంటాను. రాజమండ్రి వైపు ఒక మంచి పనివాడు పోయాక ఆయన షెడ్డు ఎలా ఖాళీ అయిందో చూశాను. ఇంట్లోవాళ్ళకి ఏది ఏమిటో తెలీదు. కత్తులు ఒకచోట, వాటిని బిగించే పట్టీలు ఇంకోచోట, గైడు ఏ మిషనుదో చెప్పే దిక్కు లేదు. పాత ఇనుము వ్యాపారి కాటా తెచ్చి అన్నీ కలిపి తూచాడు. ముప్పై ఏళ్ళు పనిచేసిన మిషను గంటలో తుక్కయింది. అది మిషను పాడై కాదు, దాని సంగతి చెప్పేవాడు లేక. పనివాడు తన షెడ్డుని తానే ఖాళీ చేయాలి. బల్ల ముందు నిలబడి, స్విచ్చి వేసి, "ఇదిగో, దీనికి ఈ జబ్బుంది, దీన్ని ఇలా చూసుకో" అని చెప్పి మరో పనివాడి చేతిలో పెట్టాలి.

ఆచారిగారి కూతురు ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఈ అమ్మకానికి ఆవిడ చేసిన ఏర్పాటు నాకు ముచ్చటేసింది. అమ్మదలచిన ప్రతి మిషనుకీ ఒక అట్ట కట్టింది. దాని మీద తండ్రి చెప్పగా రాసుకున్న వివరాలు: మోటారు ఎన్ని హెచ్‌పీ, బేరింగు నంబరు ఎంత, బెల్టు సైజెంత, ఎప్పుడు గ్రీజు పెట్టారు, ఏ భాగం మార్చారు, ఏది మార్చాల్సి ఉంది. మేం చూడవచ్చిన చిత్రిక మిషను అట్ట మీద "ముందు బల్ల ఎడమ మూల కొంచెం లొంగింది, పనికి అడ్డం లేదు" అని రాసి ఉంది. అమ్మేవాడే లోపం రాసిపెట్టిన సరుకు నేను అరుదుగా చూశాను.

అయినా పరీక్ష మానలేదు. మానితే ఆచారిగారే ఒప్పుకునేలా లేరు. "చూసుకో అబ్బాయ్, మొహమాటపడకు. నీ డబ్బు, నీ వేళ్ళు" అన్నారు.

ముందు తిన్నటి ఇనప పట్టీని బల్ల మీద పొడుగునా, అడ్డంగా, మూల నుంచి మూలకి ఆనించి, కింద సన్న కాగితం ముక్క దూరుతుందేమో చూశాం. అట్ట మీద రాసిన మూల దగ్గర తప్ప ఎక్కడా దూరలేదు. తర్వాత మా కుర్రాడు బెల్టు తీసేసి, కత్తులు బిగించి ఉండే కట్టర్ బ్లాకుని చేత్తో తిప్పాడు. బేరింగు పోతుంటే వేళ్ళకి ఇసుక నలిగినట్టు తెలుస్తుంది; ఇది నిశ్శబ్దంగా తిరిగి, నెమ్మదిగా ఆగింది. రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ కదిపితే ఆట లేదు. బల్లలు ఎత్తే దించే మర సాఫీగా తిరిగింది. మోటారు పుల్లీ తొమ్మిదంగుళాలు, బ్లాకు పుల్లీ మూడంగుళాలు. మోటారు నిమిషానికి 1440 తిరిగితే బ్లాకు 4320 తిరుగుతుంది. ఈ లెక్క వాడు వేళ్ళ మీద వేస్తుంటే ఆచారిగారు నావైపు చూసి తలూపారు. చదువు చెప్పినవాడికి అంతకన్నా ఏం కావాలి?

అసలు పాఠం ఆ తర్వాత మొదలైంది. చిత్రిక మిషనులో పనంతా కత్తి ఎత్తు మీదే ఉంటుంది. కత్తి అంచు వెనక బల్లకి, అంటే కర్ర బయటికొచ్చే బల్లకి, సరిగ్గా సమానంగా ఉండాలి. ఎత్తయితే పలక కొస దగ్గర గుంట పడుతుంది. తగ్గితే పలక మెల్లగా వాలుగా అరుగుతుంది, చివరికి బల్ల అంచుకి తట్టుకుంటుంది. దీనికి కొలపరికరం అక్కర్లేదని ఆచారిగారు ఒక తిన్నటి టేకు ముక్క తీశారు. దాన్ని వెనక బల్ల మీద పెట్టి, కట్టర్ బ్లాకు మీదుగా ముందుకి సాచారు. ముక్క మీద బల్ల అంచు దగ్గర పెన్సిలుతో గీత గీశారు. తర్వాత బ్లాకుని చేత్తో ఒక్క చుట్టు, నెమ్మదిగా. కత్తి పైకొచ్చి కర్రముక్కని చిన్నగా కరిచి, కాస్త జరిపి వదిలేసింది. మళ్ళీ బల్ల అంచు దగ్గర ఇంకో గీత. రెండు గీతల మధ్య మూడు మిల్లీమీటర్లు. అదే ముక్క కత్తి రెండో కొస దగ్గర పెట్టి తిప్పితే అక్కడా మూడే రావాలి. మిగతా కత్తులకీ అంతే రావాలి. ఒక కొస నాలుగు, ఒక కొస రెండు వస్తే కత్తి వాలుగా కూర్చున్నట్టు. బిగింపు వదులుచేసి, చెక్క సుత్తితో తట్టి, మళ్ళీ చూడాలి. మా కుర్రాడి చేత కత్తులన్నీ ఊడదీయించి, మళ్ళీ బిగించి సరిచేసేదాకా ఆయన స్టూలు మీంచి లేవలేదు. నేను ఐటీఐలో ఎన్నో బ్యాచిలకి చెప్పిన పాఠమే అది, కానీ అంత తీరిగ్గా, ఒక్క పిల్లాడి కోసం చెప్పే అవకాశం నాకెప్పుడూ దొరకలేదు.

మూడు చిత్రిక మిషన్లలో ఒకదానికి అట్ట లేదు. దాని బ్లాకు నలుచదరం. పాత రోజుల్లో అలాగే చేసేవాళ్ళు. చదరపు బ్లాకు తిరుగుతుంటే బల్లకీ దానికీ మధ్య సందు పెద్దది. పలక ఎగిరి చెయ్యి జారితే వేలు కాదు, అరచెయ్యే లోపలికి పోతుంది. గుండ్రటి బ్లాకు వచ్చాక సందు తగ్గింది, కత్తి బయటికి కనబడేది మిల్లీమీటరు పాటే. దెబ్బ తగిలినా లోతుకి పోదు. ఈ ఒక్క మార్పు ప్రపంచమంతటా ఎన్ని చేతుల్ని కాపాడిందో. మేం భోంచేసి వచ్చాక ఒకాయన దాన్ని బేరమాడటానికి వచ్చాడు. మంచి ధరే చెప్పాడు. ఆచారిగారు ఇవ్వనన్నారు. బ్లాకు ఊడదీసి గ్యాస్‌తో రెండు ముక్కలు కోయించి, బల్లలు మాత్రం వేరే పనికి అమ్ముతానన్నారు. "వేళ్ళు తీసే దాన్ని ఇంకొకళ్ళ పిల్లాడికి ఎలా అమ్మనండీ?" అన్నారు. వచ్చినాయన రెండో మాట మాట్లాడలేదు. నా లెక్కలో ఆ రోజు జరిగిన వాటిలో అతి మంచి పని ఇదే.

బ్యాండ్ సా దగ్గర మా కుర్రాడికి ఆశ పుట్టింది. మనిషెత్తు మిషను, పద్దెనిమిది అంగుళాల చక్రాలు, చక్కగా ఉంది. వద్దన్నాను. కారణం మిషను కాదు, చట్టం. అడవుల కేసుగా పేరుపడ్డ గోదావర్మన్ తిరుముల్పాడ్ వ్యాజ్యంలో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో మొదలై, కోతమిల్లుల మీద దేశమంతా కట్టుదిట్టం వచ్చింది. 2016లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, న్యాయంగా కొన్న కోసిన కలపతో పనిచేసే చిన్న షాపుకి లైసెన్సు అక్కర్లేదు. అయితే అక్కడ బ్యాండ్ సా ఉండకూడదు, 30 సెంటీమీటర్లు దాటిన గుండ్రం రంపమూ ఉండకూడదు. అందుకే పదంగుళాల రంపంతో బండి నడుస్తుంది, పన్నెండంగుళాలది పెడితే అర సెంటీమీటరు తేడాలో గీత దాటుతుంది. పాత మిషను చవగ్గా వచ్చిందని తీసుకుపోయి, తర్వాత అటవీశాఖ నోటీసు అందుకున్నవాళ్ళు నాకు తెలుసు. కొనేముందు మన ప్రాంతంలో నియమమేమిటో రేంజి ఆఫీసులో కనుక్కోవాలి. ఆ బ్యాండ్ సాని లైసెన్సున్న ఒక కలప అడితి వాళ్ళు తీసుకున్నారు.

తీసుకెళ్ళేముందు రంపం పట్టీ విప్పాలి కదా. అది పన్నెండడుగులకి పైగా పొడుగున్న ఉక్కు వలయం, ఒక అంచునిండా పళ్ళు. తెలియనివాడు ముట్టుకుంటే ఎగిరి ముఖం చీరుతుంది. ఆచారిగారు తోలు చేతితొడుగులు వేసుకుని, పళ్ళు తనకి అవతలి వైపుకి పెట్టి, వలయం కింది కొస మీద చెప్పుకాలు ఆనించారు. రెండు చేతులతో పక్కల్ని పట్టుకుని, మణికట్లు లోపలికి తిప్పుతూ పైకొసని కిందికి వంచారు. అంతే, పట్టీ తనంతట తానే చుట్టుకుని మూడు చిన్న వలయాలై నేలమీద పడింది. పురికొస కట్టి ఇచ్చేశారు. మా కుర్రాడు మళ్ళీ చేసి చూపించమంటే విప్పి మళ్ళీ చేశారు.

ఈ రంపం పట్టీ వెనక ఒక ఫ్రెంచి మహిళ ఉందని అక్కడ చెప్తే ఎవరూ నమ్మలేదు. బ్యాండ్ సా ఊహ ఇంగ్లండులో విలియం న్యూబెరీది. 1808లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ పట్టీ రెండు కొసల్ని అతికితే నాలుగు చుట్లకే అతుకు ఊడిపోయేది. తెగకుండా అతికే పద్ధతికి 1846లో ఫ్రాన్సులో పేటెంటు పొందింది ఆన్ పోలిన్ క్రేపాఁ. ఆ హక్కుల్ని పారిస్‌లోని పేరాఁ కంపెనీ తీసుకుని మంచి ఉక్కుతో పట్టీలు చేయడం మొదలుపెట్టాకే ఈ మిషను పనివాళ్ళ షెడ్లలోకి వచ్చింది. ఫ్రెంచి మాట్లాడే ఊళ్ళో అర్ధశతాబ్దం బ్యాండ్ సా నడిపిన ఆచారిగారు ఆవిడ పేరు రెండుసార్లు పలికించుకుని, కూతురి చేత రాయించుకున్నారు.

సాయంత్రం బేరం తేలాక సముద్రం వైపు వెళ్ళాం. బీచి కోసం కాదు, గోల్కొండ చూడటానికి. శ్రీ అరవిందాశ్రమం వాళ్ళ ఈ వసతిగృహం పేరు మన గోల్కొండే. నైజాం సంస్థానం దివానుగా ఉన్న సర్ అక్బర్ హైదరీ చొరవతో హైదరాబాదు నుంచి లక్ష రూపాయలు అందాయి, ఆ కృతజ్ఞతతో పెట్టిన పేరు. నక్ష ఆంటొనిన్ రేమండ్‌ది. దగ్గరుండి కట్టించినవాళ్ళు ఇద్దరు: చెక్ దేశస్థుడు ఫ్రాంటిషెక్ సామర్, అమెరికాలో పుట్టిన జపాను సంతతివాడు జార్జ్ నకాషిమా. 1937లో మొదలైన పని 1940లలో పూర్తయింది. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుతో కట్టిన భవనం. బయటి గోడ మొత్తం పడుకోబెట్టిన పలకలే. గాలినీ వెలుగునీ బట్టి తిప్పుకోవచ్చు. లోపల గదులకి టేకు బద్దీల జరుపుడు తలుపులు. లోపలికి ఊరికే పోనివ్వరు, వీధిలో నిలబడి చూశాం.

వడ్రంగులకి ఈ భవనం యాత్రాస్థలం కావాలంటాను. నకాషిమా ఇక్కడే ఆశ్రమవాసిగా చేరి, శ్రీ అరవిందుల నుంచి సుందరానంద అనే పేరు పొందాడు. ఈ గదుల కోసం టేకు బల్లలూ కుర్చీలూ ఊహించాడు. భవన శిల్పిగా వచ్చినవాడు తర్వాత జీవితమంతా కలపతోనే గడిపి, అమెరికాలో న్యూ హోప్ అనే చోట షెడ్డు పెట్టి, 20వ శతాబ్దపు గొప్ప వడ్రంగుల్లో ఒకడయ్యాడు. 1964లో అహ్మదాబాదు ఎన్ఐడీకి వచ్చి అక్కడా చేయించాడు. యంత్రాన్ని ఆయన వద్దనలేదు. మోటు పని యంత్రానికిచ్చి, కలప మాట వినాల్సిన చోట చేతిని పెట్టుకున్నాడు. మా కుర్రాడు చిత్రిక మిషను కొంటున్నది కూడా అందుకే. సత్తువ గుమ్మం నున్న చేయడంలో అయిపోకుండా, కుసి దగ్గర మిగలాలి.

గోల్కొండకి తలుపు గొళ్ళేలూ బిగింపులూ బజారులో దొరకలేదు. ఆశ్రమంలోని ఇత్తడి పాత్రలు కరిగించి పోతపోశారు. ఆ పనుల కోసమే హార్పగాన్ అనే వర్క్‌షాపు వెలిసింది. పాత సామాను విలువ తెలిసినవాళ్ళు అలా చేస్తారు.

మర్నాడు లాస్‌పేటలో సందడి ఎక్కువైంది. ఆరోవిల్ నుంచి ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిలు మీద వచ్చి బెజ్జం మిషను బయానా ఇచ్చారు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన పాత తలుపులూ దూలాలూ కొని మళ్ళీ సామాను చేసి అమ్మే ఒకతను రెండో చిత్రిక మిషను తీసుకున్నాడు. పాత కర్ర అనగానే ఆచారిగారు అతన్ని కూచోబెట్టి, మిషను ఎక్కించేముందు పలకంతా అయస్కాంతం తిప్పి మేకులు వెతకాలని, ఒక్క మేకు తగిలినా కత్తులన్నీ సానకి పోతాయని చెప్పి పంపారు. పాత ఇనుము వ్యాపారి కూడా వచ్చాడు. మిగిలినవన్నీ ఒకేసారి తీసేస్తాను, స్థలం రేపే ఖాళీ అన్నాడు. ఇంట్లో పెద్దావిడకి ఆ మాట నచ్చింది. పెరడు ఎప్పుడు బాగుపడుతుందా అని ఎదురుచూస్తున్న మనిషి. ఆచారిగారు మాత్రం ఒప్పుకోలేదు. ఆయన వాదన సరైనదేనని నేను ఆవిడకి చెప్పాను. పోత ఇనుము పోసినప్పుడు దాని ఒంట్లో బిగువు ఉంటుంది, ఏళ్ళ తరబడి కూర్చున్న కొద్దీ అది వదిలి బల్ల స్థిరపడుతుంది. పూర్వం మంచి కంపెనీలు పోతల్ని నెలల తరబడి ఆరుబయట పడేసి ఆ తర్వాతే చిత్రిక పట్టేవి. తొందరగా పోసి తొందరగా అమ్మిన కొత్త చవక బల్ల ఏడాదిలో వంగొచ్చు. ఇక్కడున్నవి వంగాల్సింది ఎప్పుడో వంగి, సరిచేయించుకుని, నిలకడకి వచ్చినవి. కాటా మీద ఆ నిలకడ తూగదు.

మా మిషను ఎత్తడం మధ్యాహ్నం పెట్టుకున్నాం. ముందు మోటారు దించేశాం, కత్తులు తీసి నూనె గుడ్డలో చుట్టాం, బల్లల మీద చిక్కటి గ్రీజు పూసి కాగితం అతికించాం. సముద్రపు గాలికి ఒక్క రాత్రిలో తుప్పు పూత వస్తుంది. పనస కొమ్మకి చైన్ బ్లాకు తగిలిద్దామని ఎవరో అంటే ఆచారిగారు కసిరి, మూడు గొట్టాలతో ముక్కాలి కట్టించారు. తాడు బల్లలకి తగలకుండా అడుగు దిమ్మకే వేయించారు. బల్ల పట్టుకుని ఎత్తితే ఆ బరువుకి గైడ్లు చెడి, అంతదాకా చూసుకున్న సరళరేఖ పోతుంది. ఇనప గొట్టాల మీద దొర్లించి, గడ్డపారలతో అదుపు చేస్తూ వ్యాను దాకా తెచ్చేసరికి వీధి పిల్లలంతా చుట్టూ చేరారు.

కాగితాల దగ్గర ఒక భౌగోళిక తమాషా ఉంది. పుదుచ్చేరి నుంచి యానాం ఎనిమిది వందల కిలోమీటర్లకి పైనే. తమిళనాడు దాటాలి, నెల్లూరు నుంచి గోదావరి దాకా ఆంధ్ర దాటాలి. అయినా సరుకు బయలుదేరేదీ చేరేదీ ఒకే కేంద్రపాలిత ప్రాంతం. దారిలో ఎవరైనా ఆపితే చూపించడానికి ఆచారిగారి కూతురు అమ్మకం చీటీ, మిషను ఫొటోలు, ఇద్దరి ఆధార్ నకళ్ళు ఒక కవరులో పెట్టి ఇచ్చింది. అట్ట మాత్రం మిషనుకే కట్టి ఉంచమంది.

డబ్బు లెక్కపెట్టుకున్నాక ఆచారిగారు లోపలికి వెళ్ళి, ఆ టేకు కొలముక్క తెచ్చి మా కుర్రాడి చేతిలో పెట్టారు. "దీనికి డబ్బు వద్దురా. కొత్తది చేసుకుందువుగాని, అందాకా ఉంచు."

యానాంలో దించాక మొదటి చిక్కు కరెంటు. వాడి షెడ్డుకి సింగిల్ ఫేజే ఉంది, మోటారు మూడు ఫేజులది, 3 హెచ్‌పీ. కొత్త మోటారు కొనాలేమో అనుకున్నాడు. మోటారు పలక మీద 240/415 అని రెండు వోల్టేజీలూ ఉన్నాయి కాబట్టి అక్కర్లేదు. లోపలి తీగల్ని స్టార్ నుంచి డెల్టాకి మార్చి, సింగిల్ ఫేజు తీసుకుని మూడు ఫేజులు ఇచ్చే డ్రైవు ఒకటి మధ్యలో పెడితే నడుస్తుంది. కొత్త మోటారుకీ కొత్త కనెక్షనుకీ అయ్యే ఖర్చుతో పోలిస్తే అది తక్కువే. నేల మీద కాంక్రీటు దిమ్మ పోయించి, ఆరేదాకా ఆగి, బోల్టులు బిగించాం. ఒక మూల కింద రేకు ముక్క పెట్టాల్సి వచ్చింది. బోల్టు బిగిస్తూ బల్ల మీద ఇనప పట్టీ ఆనించి చూస్తుంటే, నేల ఎత్తుపల్లాలకి ఇనుము కూడా ఎలా మెలిపడుతుందో కళ్ళారా తెలుస్తుంది.

మొదటి గుమ్మం పట్టాక ఆచారిగారికి ఫోను చేశాడు. స్పీకరులో పెట్టాడు.

"కత్తులు పెట్టావా?"

"పెట్టాను తాతయ్యా."

"ముక్క ఎంత జరిగింది?"

"మూడు మిల్లీమీటర్లు. అన్ని కత్తులకీ, రెండు కొసలా."

"బెల్టు వాసన వస్తోందా?"

"మొదట కొంచెం వచ్చింది. మోటారు వెనక్కి జరిపి బిగించాను, పోయింది."

"సరే. మాస్టారు ఉన్నారా పక్కన? మాస్టారూ, ఆ థిక్‌నెసర్ ఇంకా ఇక్కడే ఉందండీ. ఇద్దరు అడిగారు, వాళ్ళ చూపు నాకు నచ్చలేదు. ఉగాది దాకా ఎవరికీ ఇవ్వను. ఈలోగా మీవాణ్ణి డబ్బు చూసుకోమనండి. రోలర్ల రబ్బరు మాత్రం మార్చాలి, అది ముందే చెప్తున్నాను."